బస్సు ఎక్కనివాళ్ల వాటా

పారిస్‌లో 11 మంది, అంతకు మించి ఉద్యోగులున్న ప్రతి సంస్థా తాను చెల్లించే జీతాల మొత్తం మీద 3.20 శాతం ప్రజా రవాణాకు కట్టాలి. ఆ సంస్థ యజమాని జన్మలో మెట్రో ఎక్కి ఉండకపోవచ్చు. చట్టానికి దానితో పని లేదు. అతని దగ్గర పనిచేసేవాళ్లు వేళకు వస్తున్నారు. ముప్పై కిలోమీటర్ల అవతల శివారులో ఉన్న మంచి పనివాణ్ని కూడా అతను పెట్టుకోగలుగుతున్నాడు. ఆ లాభంలోంచి రవాణాకు ఇవ్వాల్సిన వాటా అది. పైగా ప్రతి ఉద్యోగి కొనే పాసులో కనీసం సగం ధర కూడా యజమానే భరించాలి. ఈ పన్ను 1971లో పారిస్ ప్రాంతంలో మొదలై రెండేళ్లకు మిగతా ఫ్రెంచి నగరాలకు పాకింది. అర్ధ శతాబ్దంలో అక్కడ అన్ని రంగుల ప్రభుత్వాలూ వచ్చాయి, పోయాయి. దీన్ని ఎత్తేసిన ప్రభుత్వం ఒక్కటీ లేదు. పారిస్ మహానగర రవాణా నిర్వహణకు వచ్చే డబ్బులో అన్నిటికంటే పెద్ద వాటా నేటికీ ఇదే.

ఐరోపా వెళ్లొచ్చినవాళ్లు అక్కడి ట్రాముల గురించి, భూగర్భ రైళ్ల గురించి చెబుతుంటారు. రైళ్లను మనమూ కొనగలం, కొంటున్నాం కూడా. డబ్బు పెట్టినా కొనుక్కోలేనివి వాటి వెనక రెండున్నాయి: నగరం మొత్తానికీ ఒకే బాధ్యుడు, ఆ బాధ్యుడి ఖాతాలో ఏటా తప్పకుండా పడే సొమ్ము. ఈ రెండింటిలో ఏది లోపించినా ఐరోపా నగరాలు కూడా అవస్థ పడ్డాయి. టికెట్టు డబ్బుతో పెట్టుబడి, నిర్వహణ రెండూ గిట్టుబాటు చేసుకునే పెద్ద నగరం ఆ ఖండంలో నాకు కనబడదు. కాబట్టి అక్కడ ‘నష్టం ఎందుకొస్తోంది’ అని కాదు, ‘టికెట్టు పోగా మిగిలింది ఎవరు, ఏ చట్టం కింద కట్టాలి’ అని వాదించుకుంటారు. ఆ వాదన వినదగ్గది.

ముందు బాధ్యుడి సంగతి. 1960ల తొలినాళ్లలో హాంబర్గ్‌లో భూగర్భ రైళ్లు ఒక కంపెనీవి, శివారు రైళ్లు కేంద్ర ప్రభుత్వ రైల్వేవి, బస్సులు ఇంకొందరివి, ఎల్బ్ నదిలో తిరిగే పడవలు మరొకరివి. రైలు దిగి బస్సెక్కితే మళ్లీ టికెట్టు. కారు మధ్యతరగతికి అందుబాటులోకి వస్తున్న కాలమది. జనం ఒక్కొక్కరే కారుకు మళ్లిపోతుంటే ఈ సంస్థలు ఒకదాని ప్రయాణికులను మరొకటి లాక్కునే పనిలో ఉన్నాయి. భూగర్భ రైళ్ల సంస్థ హోఖ్‌బాన్ డైరెక్టర్ మాక్స్ మ్రోస్ చొరవతో 1965లో అన్నీ కలిసి ఒక రవాణా సమాఖ్యగా ఏర్పడ్డాయి. ప్రపంచంలో ఈ తరహాలో అదే మొదటిది. దేన్నీ దేనిలోనూ విలీనం చేయలేదు. ఎవరి డిపోలు వాళ్లవే, ఎవరి ఉద్యోగులు వాళ్లవే. టైంటేబుల్ మాత్రం ఒక్కటి, టికెట్టు ఒక్కటి. వసూలైన డబ్బంతా ఒక ఖాతాలో పడుతుంది, ముందే ఒప్పుకున్న లెక్క ప్రకారం పంపకం జరుగుతుంది. మ్యూనిక్ తన ఒలింపిక్స్ జరిగిన 1972లో, వియన్నా 1984లో, జ్యూరిక్ 1990లో ఇదే దారి పట్టాయి. మాడ్రిడ్ 1985లో చట్టం చేసి ప్రాంతీయ కన్సార్షియం పెట్టుకుంది. హాంబర్గ్ సమాఖ్య ఇప్పుడు ఆ ఒక్క నగరానికే పరిమితం కాదు, పక్కనున్న రెండు రాష్ట్రాల జిల్లాలు కూడా అందులో భాగస్వాములు. రాష్ట్ర సరిహద్దు దాటినంత మాత్రాన ప్రయాణికుడు టికెట్టు మార్చుకోనక్కర్లేదు.

విలీనం లేకుండా ఇది సాధ్యమైందన్నది నా దృష్టిలో హాంబర్గ్ నేర్పిన అసలు పాఠం. సంస్థల్ని కలిపేయాలంటే ఉద్యోగ సంఘాలు, ఆస్తులు, అప్పులు, పెన్షన్లు, అన్నీ ఒకేసారి మీద పడతాయి. ఏళ్ల తరబడి తేలవు. టైంటేబుల్‌నూ వసూళ్లనూ కలపడం అంతకంటే చాలా తేలిక. ప్రయాణికుడికి కావలసింది కూడా అంతే.

జ్యూరిక్ గురించి కొంచెం వివరంగా చెప్పుకోవాలి, ఎందుకంటే డబ్బు లెక్కను అంత నిజాయతీగా రాసుకున్న నగరం ఇంకొకటి లేదని నా అభిప్రాయం. 1973లో అక్కడి ఓటర్లు భూగర్భ రైలు పథకాన్ని ఓటేసి మరీ తిప్పికొట్టారు. నాయకులు అలిగి ఊరుకోలేదు. ఉన్న రైలు పట్టాలనే వాడుకుంటూ, నగరం కింద సొరంగం తవ్వి శివారు రైళ్లను నడిపే చిన్న పథకంతో మళ్లీ జనం ముందుకొచ్చారు. 1981లో ఓటర్లు దానికి 52 కోట్ల 30 లక్షల ఫ్రాంకులు మంజూరు చేశారు. 1988లో ప్రజా రవాణా చట్టం వచ్చింది. 1990 మే 27న రైళ్లూ, కొత్త సమాఖ్యా ఒకే రోజు మొదలయ్యాయి.

ఆ చట్టం కింద వచ్చిన సేవల నిబంధనల్లో ఒకటి చదివితే మనకు ఆశ్చర్యం కలుగుతుంది. నివాసులు, ఉద్యోగాలు, చదువుకునే సీట్లు కలిపి 300 ఉన్న ప్రతి జనావాసానికీ సాధారణంగా కనీసం ఒక స్టాపు ఉండాలి. బస్సు లేదా ట్రాము స్టాపు అయితే 400 మీటర్లలో, రైల్వే స్టేషనైతే 750 మీటర్లలో ఉంటేనే ఆ జనావాసానికి సేవ అందినట్టు లెక్క. అంటే ఒక ఊరికి బస్సు వేయించడం ఎమ్మెల్యే పలుకుబడి మీదో, డిపో మేనేజర్ దయ మీదో ఆధారపడదు. 300 మంది ఉన్నారా లేదా, అంతే. బస్సు రావడం హక్కయినప్పుడు దానికయ్యే ఖర్చు ఎవరు పెట్టాలన్నది కూడా అంతే స్పష్టంగా రాయక తప్పదు. జ్యూరిక్ దాన్నీ రాసింది. టికెట్ల మీద వచ్చినది పోగా తగ్గేదానిలో సగం క్యాంటన్, అంటే మన లెక్కలో రాష్ట్రం, భరిస్తుంది. మిగతా సగం నగరంతో సహా అక్కడి మున్సిపాలిటీలన్నీ పంచుకుంటాయి. ఎవరి వాటా ఎంతన్నదానికి 80 శాతం తూకం ఆ ఊళ్లో ఆగే బస్సులు, రైళ్ల సంఖ్యను బట్టి, 20 శాతం ఆ ఊరి పన్ను స్తోమతను బట్టి. ఎక్కువ బస్సులు కావాలనే ఊరు ఎక్కువ కడుతుంది. పేద ఊరికి కొంత ఊరట దొరుకుతుంది. ఈ లెక్కకు ఒక గుణముంది: మున్సిపల్ సమావేశంలో ఎవరైనా లేచి ‘రాత్రి పదకొండు తర్వాత కూడా బస్సు కావాలి’ అంటే, దానికి ఏడాదికి ఎంతవుతుందో అక్కడే చెప్పొచ్చు. కోరికా, ఖర్చూ ఒకే గదిలో ఎదురుపడతాయి. సమాఖ్యకు ఎంత డబ్బివ్వాలో క్యాంటన్ శాసనసభ రెండేళ్లకోసారి ముందుగానే తేలుస్తుంది.

ఆ ‘ముందుగానే’ అన్నదే ఐరోపా సమాఖ్య దేశాల్లో చట్టంగా మారింది. 2007లో చేసిన 1370వ నంబరు రెగ్యులేషన్ 2009 డిసెంబరు నుంచి అమల్లోకి వచ్చింది. దాని ప్రకారం ప్రభుత్వం తన సొంత సంస్థకు డబ్బిచ్చినా సరే, ఏ సేవకు, ఏ లెక్కన, ఎంతన్నది ఒప్పందంలో రాసి ఉండాలి. నికర ఖర్చు, న్యాయమైన లాభం, అంతకు మించి ఇవ్వకూడదు. ఒప్పందం కాలపరిమితి బస్సులకు పదేళ్లు, రైళ్లకు పదిహేనేళ్లు. దీనివల్ల ఏడాది చివర ‘ఇంత నష్టం’ అనే వార్తకు చోటు లేకుండా పోయింది. రాత్రిపూట నడిచే బస్సు ఖాళీగా వెళ్లిందంటే ఆ సంగతి ఒప్పందం రాసినప్పుడే తెలుసు, దానికి ధర కట్టే ఉంది.

ఇక వియన్నా. రోజుకు ఒక్క యూరో చొప్పున 365 యూరోలకు ఏడాది పాసు ఇస్తున్నారన్న వార్త ప్రపంచమంతా తిరిగింది. 2012 మేలో 449 యూరోల నుంచి దాన్ని అంతకు దించారు. కొన్నేళ్లలోనే ఆ నగరంలో ఏడాది పాసుల సంఖ్య కార్ల సంఖ్యను మించిపోయింది. చాలా నగరాల మేయర్లు ఈ అంకెను తమ ఎన్నికల వాగ్దానాల్లోకి ఎత్తుకున్నారు. అదే సంవత్సరం వియన్నా ఇంకేం చేసిందన్నది మాత్రం వాళ్ల కరపత్రాల్లో కనబడదు. మార్చిలో వీధిలో కారు నిలిపితే గంటకు కట్టే రుసుమును 1.20 నుంచి 2 యూరోలకు పెంచింది. ఒకసారి ప్రయాణానికి కొనే టికెట్టు ధరను పెంచింది. అన్నిటికంటే ముఖ్యం, యజమానుల మీద 1970 నుంచి ఉన్న భూగర్భ రైలు పన్నును ఒక్కో ఉద్యోగికి వారానికి 72 సెంట్ల నుంచి 2 యూరోలకు తీసుకెళ్లింది. అంటే దాదాపు మూడింతలు. కార్లవాళ్లు, యజమానులు, ఎప్పుడో ఒకసారి ప్రయాణించే పర్యాటకులు, ముగ్గురూ తలో చెయ్యి వేస్తే రోజువారీ ప్రయాణికుడికి ఒక యూరో పాసు దక్కింది. సొరంగాల తవ్వకం ఖర్చులో సగం కేంద్ర ప్రభుత్వం ఇస్తుంది. ఇవేవీ లేకుండా 365 అన్న అంకెను మాత్రమే ఇంకో ఊరికి పట్టుకుపోతే ఆ ఊరి బడ్జెట్‌కు చిల్లు పడుతుంది తప్ప బస్సులు పెరగవు.

వియన్నా కూడా ఆ అంకెను శాశ్వతంగా పట్టుకుని వేలాడలేదు. దాదాపు పద్నాలుగేళ్ల పాటు ధర కదల్చకుండా ఉంచాక, 2026 జనవరి నుంచి పాసును 467 యూరోలు చేసింది, ఆన్‌లైన్‌లో తీసుకుంటే 461. జీతాలు, కరెంటు ధరలు పెరిగిన కాలంలో ఇది తప్పని పనే. అయినా అంతకాలం ధరను బిగించి ఉంచి ఒక్కసారిగా నాలుగో వంతుకు మించి పెంచడం కంటే, ఏటా ద్రవ్యోల్బణంతో పాటు కొద్దికొద్దిగా పెంచుకుంటూ వచ్చి ఉంటే బాగుండేది.

లండన్ కథ వియన్నాకు పూర్తిగా తలకిందులు. బస్సుల విషయంలో బ్రిటన్ ఒక పెద్ద ప్రయోగం చేసింది. 1985 చట్టంతో, 1986 అక్టోబరు 26 నుంచి లండన్ వెలుపల బస్సు రూట్లను పూర్తిగా మార్కెట్‌కు వదిలేసింది. ఎవరు కావాలంటే వాళ్లు, తమకు ఇష్టమైన రూటులో, ఇష్టమైన ధరకు నడుపుకోవచ్చు. లండన్‌కు మాత్రం మినహాయింపు ఇచ్చింది. అక్కడ ప్రైవేటు కంపెనీలే బస్సులు నడుపుతాయి, కానీ రూటు, వేళలు, ధర, బస్సు రంగుతో సహా ప్రభుత్వ సంస్థ నిర్ణయిస్తుంది, టెండర్లు పిలుస్తుంది. తరువాతి దశాబ్దాల్లో లండన్‌లో బస్సు ప్రయాణికులు పెరిగారు. మాంచెస్టర్ లాంటి పెద్ద నగరాల్లో తగ్గిపోయారు. లాభమొచ్చే రూటులో బస్సుల మీద బస్సులు, రాని కాలనీలకు ఏదీ లేదు. చివరికి గ్రేటర్ మాంచెస్టర్ 2017లో వచ్చిన కొత్త చట్టాన్ని ఆసరా చేసుకుని, 2023 సెప్టెంబరు నుంచి 2025 జనవరి మధ్య మూడు విడతల్లో బస్సులన్నిటినీ తిరిగి తన అదుపులోకి తెచ్చుకుంది. దాదాపు నలభై ఏళ్ల తర్వాత లండన్ పద్ధతికి చేరుకుంది.

లండన్ బాధ్యుడి సమస్యను బాగా తీర్చుకుంది. 2000లో ఎన్నికైన మేయర్ కింద ఒకే సంస్థ వచ్చింది, 2003 ఫిబ్రవరి 17న నగరం నడిబొడ్డులోకి వచ్చే కారు మీద 5 పౌండ్ల రుసుము పడింది, దాని మిగులును రవాణా మీదే ఖర్చు చేయాలన్న షరతుతో. సొమ్ము దగ్గర మాత్రం దెబ్బతింది. సగటున ఏడాదికి 70 కోట్ల పౌండ్లుగా ఉన్న కేంద్ర నిర్వహణ గ్రాంటును 2018 నాటికి పూర్తిగా ఆపేశారు. నిర్వహణకు వచ్చే ఆదాయంలో మూడింట రెండు వంతులకు పైగా టికెట్ల నుంచే రాబట్టుకునే స్థితికి లండన్ వచ్చింది. దాన్ని సామర్థ్యమని అప్పట్లో మెచ్చుకున్నవాళ్లు చాలామంది. 2020 మార్చిలో కోవిడ్ వచ్చింది, మెట్రోలో జనం లేరు. మే నెలకే 160 కోట్ల పౌండ్ల అత్యవసర సాయం కోసం మేయర్ కేంద్రం ముందు నిలబడాల్సి వచ్చింది. ఆ తర్వాత రెండేళ్లకు పైగా కొన్ని నెలలకోసారి కొత్త బేరం, ప్రతి బేరానికీ కొత్త షరతులు. పారిస్‌కూ ఆ ఏడాది కష్టకాలమే. కానీ అక్కడ జీతాల మీది పన్ను తగ్గినా పూర్తిగా ఆగలేదు, ఎందుకంటే ఇళ్లలో కూర్చున్నా జీతాలు నడిచాయి. ఆదాయం రెండు మూడు వేర్వేరు చోట్ల నుంచి వస్తే ఒకటి ఎండిపోయినప్పుడు రెండోది నిలబెడుతుంది.

కొత్త నిర్మాణాల విషయంలో లండన్‌ను మెచ్చుకోవాలి. నగరాన్ని తూర్పు నుంచి పడమరకు చీల్చుకుంటూ వెళ్లే ఎలిజబెత్ లైన్ మూడేళ్లకు పైగా ఆలస్యమై 2022 మే 24న తెరుచుకుంది. ఖర్చు దాదాపు 1,890 కోట్ల పౌండ్లు. దానిలో గణనీయమైన భాగం వ్యాపారుల దగ్గర్నుంచి వచ్చింది: ఏడాది అద్దె విలువ ఒక పరిమితికి (మొదట్లో 55 వేల పౌండ్లకు) మించిన ప్రతి వాణిజ్య భవనం మీద, ఆ విలువలో పౌండుకు 2 పెన్నీల అదనపు పన్నును 2010 నుంచి వసూలు చేస్తున్నారు. రైలొస్తే తమ దుకాణం విలువ పెరుగుతుందని తెలిసినవాళ్లు రైలు రాకముందే కట్టడం మొదలుపెట్టారు. పారిస్ చుట్టూ 200 కిలోమీటర్ల మేర, 68 స్టేషన్లతో తవ్వుతున్న గ్రాండ్ పారిస్ ఎక్స్‌ప్రెస్ కూడా ఆఫీసు భవనాల మీద వేసిన ప్రత్యేక పన్నులను హామీగా చూపి అప్పు తెచ్చుకుంటోంది. అంచనాలు మొదట్లో చెప్పినదానికి ఎంతో మించి 3,500 కోట్ల యూరోల పైకి వెళ్లాయి. ఆ అప్పు తీరడానికి తరాలు పడుతుంది. అంచనాల మీద అదుపు లేకపోవడం ఐరోపాను కూడా వదిలిపెట్టని జబ్బు.

జర్మనీలో చదువుకుంటున్న, పనిచేస్తున్న తెలుగువాళ్లకు డాయిచ్‌లాండ్ టికెట్ గురించి కొత్తగా చెప్పనక్కర్లేదు. 2022 వేసవిలో మూడు నెలలు అమ్మిన 9 యూరోల టికెట్‌ను 5 కోట్లకు పైగా కొన్నారు. ఆ ఊపులో 2023 మే 1న దేశమంతటా స్థానిక బస్సులు, ట్రాములు, రైళ్లకు చెల్లే నెల టికెట్టు 49 యూరోలకు వచ్చింది. ఇన్నేళ్లుగా ఒక్కో సమాఖ్య గీసుకున్న జోన్ల చిక్కులన్నీ దాంతో ఒక్కసారిగా చెరిగిపోయాయి. ప్రయాణికుడికి అంతకంటే మేలు లేదు. అయితే దాని వెనక పారిస్‌లో ఉన్నట్టు ప్రత్యేకమైన పన్ను ఏదీ లేదు. కేంద్రం 150 కోట్లు, రాష్ట్రాలన్నీ కలిసి 150 కోట్ల యూరోలు ఏటా ఇస్తాయన్న ఒప్పందమే ఆధారం. అది చాలక ధర 2025లో 58కి, 2026లో 63కి చేరింది. 2025 దాకా ప్రతి శరదృతువులోనూ వచ్చే ఏడు ఈ టికెట్టు ఉంటుందా అన్న చర్చే నడిచింది. కారు అమ్మేసి రైలుకు మారాలా వద్దా అని ఆలోచించే కుటుంబానికి ఆ అనిశ్చితే పెద్ద అడ్డంకి అయింది. 2020 మార్చిలో దేశమంతా ప్రయాణం ఉచితం చేసిన లక్సెంబర్గ్‌ను ఆదర్శంగా చూపేవాళ్లూ ఉన్నారు. అక్కడ టికెట్ల మీద వచ్చేది ఏడాదికి దాదాపు 4 కోట్ల యూరోలు, వ్యవస్థ ఖర్చు 50 కోట్లకు పైన. వదులుకోవడానికి అక్కడ ఉన్నదే తక్కువ. పారిస్, బెర్లిన్‌ల లెక్క వేరు.

ఈ లెక్కలకు తెలుగు రాష్ట్రాలతో సంబంధం లేకపోలేదు. నగరానికొక ఏకీకృత రవాణా సంస్థ ఉండాలని 2006లో జాతీయ పట్టణ రవాణా విధానం చెప్పింది. మెట్రోకు కేంద్ర సాయం కావాలంటే అది తప్పనిసరని 2017 మెట్రో విధానం షరతు పెట్టింది. విశాఖ, విజయవాడ మెట్రోలకూ అదే వర్తిస్తుంది. హైదరాబాద్‌లో అలాంటి సంస్థ కాగితం మీద 2008 నుంచే ఉంది. ఆర్టీసీ, మెట్రో, ఎంఎంటీఎస్ మూడింటికీ చెల్లే ఒకే నెల పాసు మాత్రం నేటికీ లేదు. వసూళ్లు పడే ఉమ్మడి ఖాతా లేదు. ఆ సంస్థకంటూ ఏ పన్నూ లేదు. మహిళలకు ఉచిత ప్రయాణం తెలంగాణలో 2023 డిసెంబరు నుంచి, ఆంధ్రప్రదేశ్‌లో 2025 ఆగస్టు నుంచి నడుస్తోంది. జీరో టికెట్ల లెక్కన ప్రభుత్వం ఆర్టీసీకి డబ్బిస్తుంది. ఐరోపా చూపుతో చూస్తే ఇందులో తప్పేమీ లేదు, ప్రభుత్వం ఒక సేవను కొంటోంది. లోటంతా ఆ కొనుగోలుకు జ్యూరిక్‌లో లాగా ముందే తేల్చిన ధర, చట్టబద్ధమైన గడువు లేకపోవడంలో ఉంది.

హైదరాబాద్ మెట్రోలో భూమి విలువను వాడుకునే ప్రయత్నం జరగకపోలేదు. నిర్మించిన సంస్థకు వాణిజ్య అవసరాల కోసం 269 ఎకరాలు ఇచ్చారు. కానీ మెట్రో వల్ల ధర పెరిగింది ఆ ఎకరాలకు మాత్రమేనా? అమీర్‌పేట, మియాపూర్, నాగోలు చుట్టూ ఎన్నో వేల స్థలాల విలువ పెరిగింది. ఆ పెరుగుదలలో రవాణాకు ఒక్క రూపాయి తిరిగి రాలేదు. 2025 సెప్టెంబరులో ఆ సంస్థ వాటాను రాష్ట్ర ప్రభుత్వం తీసుకోవడానికి సూత్రప్రాయంగా ఒప్పుకుంది. అప్పూ, నిర్వహణా ఇప్పుడు ప్రజల మీదకే వస్తాయి గనుక సొమ్ము ఎక్కణ్నుంచన్న ప్రశ్నను వాయిదా వేసే వీలు ఇక లేదు.

పారిస్ పన్నును యథాతథంగా తెచ్చి గచ్చిబౌలి, నానక్‌రామ్‌గూడ కంపెనీల మీద వేయడం కుదరదు. ఉద్యోగాల మీద రాష్ట్రాలు వేయగలిగింది వృత్తి పన్ను. రాజ్యాంగంలోని 276వ అధికరణ దాన్ని మనిషికి ఏడాదికి 2,500 రూపాయల దగ్గర కట్టేసింది. 1988 నుంచి ఆ పరిమితి కదల్లేదు. దాన్ని మార్చాలంటే పార్లమెంటు దాకా వెళ్లాలి. భూమి సంగతి అలా కాదు. రిజిస్ట్రేషన్ మీద స్టాంపు డ్యూటీ, లేఅవుట్ల అభివృద్ధి ఛార్జీలు, ఔటర్ రింగ్ రోడ్డు వెంట వేసే ఇంపాక్ట్ ఫీజు, ఎత్తైన భవనాలకు వసూలు చేసే రుసుములు, అన్నీ రాష్ట్రమూ దాని సంస్థలూ వసూలు చేసేవే. వాటిలో ఎంత శాతం సిటీ బస్సుకు, మెట్రోకు నేరుగా వెళ్లాలో శాసనసభ ఒక సవరణతో రాయొచ్చు. దానికి ఢిల్లీ నుంచి ఫైలు రానక్కర్లేదు.